పత్తి గోడలు

పాట సగంలో ఉండగా గోడ కదిలింది.

అహరోను కళ్లు మూసుకుని గిటారు మీద వంగి ఉన్నాడు. తేడా ముందు అతని చెవికే తెలిసింది. అప్పటిదాకా పొడిగా, దగ్గరగా వినిపిస్తున్న తీగల మోత ఒక్కసారిగా ఎటో వెళ్లి, రేకుల కప్పుకు తగిలి తిరిగొచ్చింది. కళ్లు తెరిచాడు. ఎడమవైపు కప్పు దాకా పేర్చిన పత్తి బేళ్ల గోడలో ఒక రంధ్రం. రంధ్రంలో పగటి వెలుగు. ఆ వెలుగులో కొమురెల్లి ముఖం.

"ఆపకున్రి, ఆపకున్రి," అన్నాడు కొమురెల్లి. మిల్లులో హమాలీలకు అతనే పెద్ద. పక్క బేలుకు ఇనుప కొక్కెం తగిలిస్తున్నాడు. "మీ పని మీది, మా పని మాది."

డ్రమ్ముల మీద దయాకర్‌రావు చేతులు గాలిలో ఆగిపోయాయి. బేస్ గిటారు పక్కన పెట్టి సాంబయ్య రికార్డరు కట్టేశాడు.

"బేళ్లు ఎందుకు తీస్తున్నవే?" అహరోను అడిగాడు.

"దొర అమ్మిండు. మొత్తం. ఆదివారం పొద్దుగూకే వరకు గోదాం ఖాళీ చెయ్యమన్నడు." కొమురెల్లి కొక్కెం లాగాడు. బేలు దబ్బున కింద పడింది. రంధ్రం కిటికీ అయింది. "ఇగ మీ స్టీలు సామాను సదురుకొని ఇండ్లకు పోవుడే తమ్మీ."

హమాలీలు నవ్వారు. ముగ్గురిలో ఎవరూ నవ్వలేదు.

ఆ రోజు గురువారం. వాళ్లకు ఇంకా ఒక పాట మిగిలి ఉంది.

* * *

బ్యాండు పేరు స్టీల్ వల్చర్స్, అంటే ఉక్కు రాబందులు. మిల్లులో ఆ పేరు ఎవరికీ నోరు తిరగదు, అందుకే స్టీలు సామాను. కరీంనగర్‌లో డిగ్రీ చదివే రోజుల్లో ముగ్గురూ కలిసి పెట్టుకున్న పేరది. సికింద్రాబాదు ఫుట్‌పాత్ మీద కొన్న దొంగ క్యాసెట్లను అరిగిపోయేదాకా విన్నారు. ఆ విదేశీ బ్యాండ్లు ఎలా వాయిస్తే అలా వాయించారు, ఎలా అరిస్తే అలా అరిచారు. జుట్టు కూడా అంతే పెంచారు. తొంభై రెండులో మొదటి క్యాసెట్ వచ్చినప్పుడు కాలేజీ పిల్లలు ఎగబడి కొన్నారు. "అచ్చం వాళ్లలాగే ఉంది" అన్నారు. ముగ్గురూ ఆ మాటకు పొంగిపోయారు.

ఆ పొంగు కరీంనగర్‌లో ఒక కాలేజీ ఫంక్షన్‌లోనే దిగిపోయింది. ఆఖరి వరుసలోంచి ఒకడు లేచి అరిచాడు.

"అన్నా! గిదంత మా ఇంట్ల క్యాసెట్ల ఉన్నది. మీది ఏదన్న ఒక్కటి కొట్టున్రి!"

హాలంతా గొల్లుమంది. మైకు ముందు నిలబడ్డ అహరోను లోపల ఎంత వెతుక్కున్నా కొట్టడానికి ఒక్కటీ దొరకలేదు.

రెండో క్యాసెట్ ఆ నవ్వులోంచి పుట్టింది. ఈసారి అన్నీ తెలుగు పాటలే. అన్నీ సొంత బాణీలే. సికింద్రాబాదు కంపెనీ మేనేజరు ఒప్పుకున్నాడు, కానీ స్టూడియో ఇవ్వనన్నాడు. ఒక నాలుగు ట్రాకుల రికార్డరు చేతిలో పెట్టి పంపించాడు. నాలుగు ట్రాకులంటే నాలుగు దారులు. ఒక దారిలో డ్రమ్ములు, ఒక దారిలో బేస్, ఒకదాంట్లో గిటారు, ఒకదాంట్లో గొంతు. ఒకరు ఈ రోజు వాయిస్తే ఇంకొకరు రేపు వచ్చి కలపొచ్చు. సోమవారం పొద్దున రైలుకు మేనేజరే వచ్చి మిషన్ తీసుకుపోతాడు. అప్పటికి ఎనిమిది పాటలు ఉండాలి. తక్కువైతే మొదటి క్యాసెట్‌లోంచి ఒక పాత కాపీ పాట తీసి అతికిస్తాడు. ఆ మాట ముందే చెప్పాడు.

ఇక రికార్డింగుకు చోటు కావాలి. దయాకర్‌రావు మేనమామ బాలకిషన్‌రావుకు జమ్మికుంట శివార్లో పత్తి గింజలు తీసి బేళ్లు కట్టే జిన్నింగు మిల్లు ఉంది. వానకాలంలో ఆ గోదాంలో వాయించి చూస్తే ఒక్క డ్రమ్ము కొడితే వంద డ్రమ్ములు మోగాయి. ఏ దెబ్బ ఎక్కడ పడిందో తెలియని గోల. కానీ దసరా దాటి పత్తి దిగాక ఆ గోదామే మారిపోయింది. బేళ్ల మధ్య నిలబడి చప్పట్లు కొడితే ఆ శబ్దం చేతుల దగ్గరే చచ్చిపోయింది. అంత మంచి స్టూడియో సికింద్రాబాదులో కూడా ఉండదు. ధర పెరిగేదాకా బేళ్లు కదపనని బాలకిషన్‌రావు మాట ఇచ్చాడు. వాళ్లు నాలుగు వైపులా పత్తి గోడలు పేర్పించుకుని నడుమ కూర్చున్నారు. ఏడు పాటలు పూర్తి చేశారు.

ఆ ఏడూ బాగానే వచ్చాయి. కానీ అహరోనుకు వాటిలో ఇంకా వాసన తగిలేది. ఇక్కడ ఒక మెలిక ఫలానా బ్యాండుది, అక్కడ ఒక కేక ఫలానావాడిది. అద్దెకు తెచ్చుకున్న అంగీ మీద సొంత గుండీలు కుట్టుకున్నట్టు.

ఎనిమిదోది అలా లేదు. అది అతనికి తన తండ్రి దగ్గర దొరికింది.

అహరోను బాపు ఆశీర్వాదం జమ్మికుంట పక్క పల్లెలో మెథడిస్టు సంఘానికి ప్రసంగీకుడు. పల్లెలో పాటల పుస్తకాలు చదవగలిగినవాళ్లు తక్కువ. అందుకని ఆయన ఒక చరణం పాడి ఆగేవాడు, సంఘం ఆ చరణాన్ని అందుకుని తిరిగి పాడేది. అహరోను చిన్నప్పుడు ఒక కరువు సంవత్సరం సంఘం మొత్తం కూలికి వలసపోయింది. ఆదివారం గుడిలో మిగిలింది ఆయన, కొడుకు, ఖాళీ చాపలు. అయినా ఆశీర్వాదం చరణం పాడాడు, ఆగాడు. ఒక చరణమంత సేపు ఊరికే నిలబడ్డాడు. మళ్లీ పాడాడు, మళ్లీ ఆగాడు.

"ఎవలు లేరు గద బాపూ? ఎందుకు ఆగుతున్నవు?"

"వాళ్ల వంతు వాళ్లకు ఇడువాలె బిడ్డా."

ఆశీర్వాదం పోయి రెండేళ్లయింది. ఆ ఆగడం మాత్రం అహరోను చెవిలోంచి పోలేదు. పాటకు 'వంతు' అని పేరు పెట్టాడు. గట్టి గిటారు, గరుకు గొంతు, చరణాలు చిన్నవి.

*దీపం పెట్టిన, ఎవలొస్తరు?*
*తలుపు తీసిన, ఎవలొస్తరు?*
*పేరు పిలిచిన, ఎవలొస్తరు?*

ప్రతి చరణం తర్వాత ఒక ఖాళీ. ఆ ఖాళీ దగ్గరే అతనికీ దయాకర్‌కూ పేచీ.

"ఆడ నేనేం వాయించాలె?" అని దయాకర్ మొదటి రోజే అడిగాడు.

"ఏం వద్దు. ఇడిశిపెట్టు."

"ఎంతసేపు?"

"ఒక చరణమంత."

"ఏం పాస్టరూ, గంతసేపు డ్రమ్మరు చేతులు కట్టుకొని కూసుంటే జనం కరెంటు పోయిందనుకుంటరు!"

అంటూనే ఆ ఖాళీలో టపటపమని ఒక విదేశీ విరుపు విరిచాడు. ఆపమంటే ఆపుతాడు, మళ్లీ పాట మొదలైతే మళ్లీ విరుస్తాడు. చేతులకు అలవాటైపోయింది. అహరోనుకు ఒళ్లు మండేది. దానికి తోడు, పత్తి గోడల మధ్య ఆ ఖాళీలు నిజంగానే చచ్చిపోతున్నాయి. ఆగినప్పుడు ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు ఉండాలి, కానీ పాట తెగిపోయినట్టుంది. ఏదో తక్కువైంది. అదేమిటో తెలియకముందే గోడ కదిలింది.

* * *

శుక్రవారం సాంబయ్య వెళ్లిపోయాడు.

అతని బాపు బొగ్గుగనిలో పనిచేస్తాడు. ఊపిరి బాగాలేదని గనిలోకి దిగొద్దన్నారు. ఆ నౌకరి కొడుకుకు వచ్చింది. చెన్నూరులోని ఇంటి నుంచి కబురు వచ్చేసరికి అతని చేతిలో ఒక్క పూటే ఉంది.

"ముందుగాల నా బేస్ ఎక్కించుకో," అన్నాడు సాంబయ్య, సంచి భుజాన వేసుకునే. "ఖాళీలు ఎన్నిడువాలెనో చెప్పు, అన్ని ఇడుస్త. నాతోని పేచీ లేదు."

అప్పటికి రెండు గోడలే మిగిలాయి. సాంబయ్య నిలబడే వాయించాడు. తప్పు లేకుండా వాయించి, గిటారును గోడకు ఆనించి, అహరోను భుజం మీద ఒక చెయ్యి వేశాడు.

"క్యాసెట్ రాంగనే ఒకటి పంపు. గనిల వినరాదు గని, క్వార్టర్ల వింట."

గేటు దాకా వెనక్కి తిరిగి చూస్తూనే వెళ్లాడు. ఆ పక్కనుంచే ఇంకో లారీ లోపలికి వచ్చింది.

శనివారం డ్రమ్ముల వంతు. దయాకర్ మధ్యాహ్నం దాకా రాలేదు. వచ్చాక డ్రమ్ము చర్మం వదులైందన్నాడు, కాసేపు మరలు బిగించాడు, మళ్లీ వదులు చేశాడు. ఈలోగా మూడో గోడ లారీ ఎక్కింది.

"ఇగ కొట్టినా గోలే పాస్టరూ," అన్నాడు కర్రలు కింద పెడుతూ. "గీ పాట మన అదృష్టంల లేదు. ఏడుతోని సరిపెట్టుకుందాం."

"ఎనిమిదోది పాత కాపీ పడ్తది."

"పడనీ. ఎవలకు తెలుస్తది?"

అహరోను తలెత్తి దయాకర్ ముఖం చూశాడు. దయాకర్ మాత్రం లారీ వైపే చూస్తున్నాడు.

* * *

ఆదివారం ఆఖరి లారీ వచ్చింది. ఆదిలాబాద్ దగ్గరి ఇచ్చోడ లారీ. కొమురెల్లి మనుషులు బేళ్లు ఎక్కిస్తుంటే డ్రైవరు బీడీ ముట్టించుకోవడానికి గేటు అవతలకు వెళ్లి నిలబడ్డాడు. పత్తి దగ్గర అగ్గి పనికిరాదు. అహరోను కూడా బయటే కూర్చుని ఉన్నాడు.

"క్యా భావూ, గట్ల కూసున్నవు?" డ్రైవరు పలకరించాడు. "మీ మాలు మొత్తం మా సేటే కొన్నడు, ఖుషీగుండాలె గద."

"ధర పడిపోతున్నదట గద. అందుకే అమ్మిండు మా దొర."

డ్రైవరు బీడీ నోట్లోంచి తీసి పకపకా నవ్వాడు. "పడుతున్నదా? ఎవలన్నరు? ఆదిలాబాద్‌ల రోజురోజుకు ఎక్కుతున్నది భావూ. గందుకే మా సేటు ఉరికిచ్చిండు, దొరికిన కాడ దొరికినంత ఎత్తుకరమ్మని. మీ దొర పాగల్ అయిండా ఏంది?"

అహరోను లేచి నిలబడ్డాడు.

పోయిన వారం దయాకర్ ఆదిలాబాద్ వెళ్లాడు. డ్రమ్ముకు కొత్త చర్మం తెస్తానని వెళ్లి, దొరకలేదని ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. ఆ మర్నాడే బాలకిషన్‌రావు బేళ్లు అమ్మకానికి పెట్టాడు.

ఒక్క మాట చాలు. ఆఫీసుకు వెళ్లి "సారూ, ధర ఎక్కుతున్నది" అంటే ఆఖరి లారీ ఇక్కడే ఆగిపోతుంది. ఉన్న బేళ్లతో ఒక మూలైనా కట్టుకోవచ్చు. డ్రమ్ములు ఎక్కించొచ్చు. పాట బతుకుతుంది.

ఆఫీసులోకి అడుగుపెట్టేసరికి బాలకిషన్‌రావు చాయ్ తాగుతున్నాడు. ఎదురు కుర్చీలో దయాకర్.

"రా అహరోనూ, కూసో. మీ పాటలకు జర తకలీఫ్ అయింది, ఏం చెయ్యాలె? ఆదిలాబాద్‌ల రేటు పడిపోతున్నదని మా అల్లుడు కండ్లార చూసొచ్చిండు. ఇంక వారమాగితే మునుగుతుంటిమి." ఆయన దయాకర్ వీపు మీద తట్టాడు. "డ్రమ్ములు కొట్టుడే వస్తదనుకున్న గని, యాపారం గుడ వచ్చు మావోనికి."

దయాకర్ తాగబోతున్న కప్పు దించేశాడు. చాయ్ సాసర్‌లోకి ఒలికింది. అతను తలెత్తి అహరోను కళ్లలోకి చూశాడు. ఆ చూపుతో అంతా తెలిసిపోయింది.

"ఏమన్న చెప్పేదున్నదా?" బాలకిషన్‌రావు అడిగాడు.

గోడ మీద ఫ్యాను తిరుగుతోంది. బయట ఇంకో బేలు లారీలో పడ్డ చప్పుడు.

"ఏం లేదు సార్," అన్నాడు అహరోను. బయటకు నడిచాడు.

* * *

దయాకర్ గోదాం గుమ్మంలో అతన్ని అందుకున్నాడు.

"ఎందుకు చెప్పలే?"

"నువ్వెందుకు అబద్ధమాడినవు?"

దయాకర్ నేల వంక చూశాడు. బేళ్లు పోయిన నేల మీద పత్తి పీచు అక్కడక్కడా ఎగురుతోంది.

"బొంబాయిల నౌకరి దొరికింది. పెద్ద హోటల్ల బ్యాండు. మన క్యాసెట్ విని పిలిచిన్రు. నన్నొక్కన్నే."

"ఏం వాయిస్తరు ఆడ?"

"కాపీలే. రోజు కాపీలే." దయాకర్ నవ్వబోయి మానుకున్నాడు. "నాకు గవే వచ్చు పాస్టరూ. నీ ఖాళీలు నాకు రావు. నువ్వు పెట్టిన ఖాళీల చేతులు కట్టుకొని కూసుంటే, నేను దేనికీ పనికిరానట్టు అనిపిస్తది."

"గంత మాట నాతోని చెప్తే ఐపోవు గద?"

"చెప్తే నువ్వు తిడుతవా? తిట్టవు. కొడుతవా? కొట్టవు. 'సరే పో' అంటవు. గదే భయం నాకు. బేళ్లు పోతే పాట ఆగుతది, పాట ఆగితే బ్యాండు దానంతట అదే ఆగుతది, ఎవలు ఎవలిని ఇడిశినట్టు ఉండదనుకున్న. గింతే."

"మీ మామ మునిగిండు."

"ఎరుకే." దయాకర్ గొంతు దించాడు. "ఇప్పటికన్న చెప్పు ఆయనకు. నీ పాటన్న దక్కుతది."

"చెప్పుడు నా వంతు కాదు దయాకర్," అన్నాడు అహరోను. "నీది."

 అహరోను పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు.

"సరే, పో."

డ్రమ్ములు ఒక్కొక్కటిగా లారీ ఎక్కాయి. దయాకర్ ప్రయాణం ఆదిలాబాద్ దాకా ఆ లారీలోనే, అక్కడి నుంచి నాగపూర్, నాగపూర్ నుంచి బొంబాయి. బేళ్ల మీద పెద్ద డ్రమ్ము బోర్లా పడి ఉంది. దాని మీద తెల్లరంగుతో గీసుకున్న రాబందు బొమ్మ తలకిందులుగా కనిపిస్తోంది. లారీ కదిలి, తూకానికి కాంటా వైపు వెళ్లింది. హమాలీలు కూడా కూలి కోసం ఆఫీసు దగ్గరకు వెళ్లిపోయారు.

గోదాంలో అహరోను, గిటారు, రికార్డరు మిగిలాయి.

పొద్దు వాలుతోంది. పొద్దుగూకితే కరెంటు కోత. మళ్లీ కరెంటు వచ్చేది తెల్లారాకే, అప్పటికి మిషన్ కోసం మేనేజరు వచ్చేస్తాడు. ఇక చేసేదేమీ లేదు. అహరోను వైర్లు చుట్టడానికి వంగాడు.

కాలు జారి మైకు స్టాండు పడబోతే పట్టుకుని, "అవ్వా" అన్నాడు.

"...వ్వా," అంది గోదాం.

అతను ఆగిపోయాడు.

మెల్లగా నిటారుగా నిలబడి ఒక చరణం పాడి చూశాడు. "దీపం పెట్టిన, ఎవలొస్తరు?" ఆగాడు. ఖాళీ గోదాం ఆ చరణాన్ని తీసుకుంది. రేకుల కింద తిప్పింది. చివరి మాటలు ఎవరో దూరంగా నిలబడి అంటున్నట్టు తిరిగొచ్చాయి. సరిగ్గా ఒక చరణమంత సేపు.

ఇన్నాళ్లూ తక్కువైంది ఏమిటో అప్పుడు తెలిసింది. పత్తి గోడలు ఆ జవాబును తాగేశాయి. డ్రమ్ముల దెబ్బలు దాన్ని తొక్కేశాయి. ఖాళీ చాపల ముందు బాపు ఎందుకు నిలబడగలిగాడో కూడా కొంచెం తెలిసినట్టనిపించింది.

పరుగున వెళ్లి ఇనుప తలుపు మూసి లోపల గడియ పెట్టాడు. కూలి తీసుకుని హమాలీలు తిరిగొస్తే గోల. సాంబయ్య బేస్ ఒక ట్రాకులో ఉంది. గిటారుకు ఒకటి, గొంతుకు ఒకటి. నాలుగోది దయాకర్‌ది. దాని మైకు ఇంకా డ్రమ్ములు ఉన్న చోటే, తలుపు పక్కనే నిలబడి ఉంది. ప్రతిధ్వని పడుతుందని దాన్ని కూడా తెరిచాడు. కప్పు సందుల్లోంచి పడుతున్న ఎండ ఎర్రబడింది. ఒక్కసారే. తప్పు పోతే ఇంకో అవకాశం లేదు.

హెడ్‌ఫోన్ పెట్టుకుని మీట నొక్కాడు. చెవిలో సాంబయ్య బేస్ మొదలైంది.

గిటారు మీద మొదటి దెబ్బకే గోదాం ఒళ్లు విరుచుకుంది. అహరోను గొంతు ఎత్తాడు. ఎవరి కేకా కాదది. ఎవరి మెలికా లేదు.

*దీపం పెట్టిన, ఎవలొస్తరు?*

ఆగాడు. గోదాం జవాబు చెప్పింది.

*తలుపు తీసిన, ఎవలొస్తరు?*

ఆగాడు.

ధన్! ధన్! ధన్!

ఇనుప తలుపు అదిరింది. బయట ఎవరో రెండు చేతులా బాదుతున్నారు. ఏదో అరుస్తున్నారు. గిటారు హోరులో మాటలు తెలియడం లేదు. కానీ గొంతు తెలిసింది.

దయాకర్.

అహరోను వేళ్లు తీగల మీద బిగుసుకున్నాయి. తలుపు పది బారల దూరంలో ఉంది. వెళ్లి గడియ తీస్తే స్నేహితుడు కనిపిస్తాడు, పాట పోతుంది. తీయకపోతే లారీ వెళ్లిపోతుంది, మనిషి పోతాడు. కప్పు సందులో ఎండ సన్నని గీత అయింది. చెవిలో సాంబయ్య ఎవరికోసమూ ఆగకుండా వాయించుకుపోతున్నాడు.

అతను కదలలేదు. కళ్లలో నీళ్లు తిరుగుతుండగా తలుపు వైపు తిరిగి పాడాడు.

*పేరు పిలిచిన, ఎవలొస్తరు?*

బాదుడు ఆగింది. బయట ఉన్నవాడు పాట విన్నాడు.

ఖాళీ వచ్చింది. ధన్. ఒకే ఒక్క దెబ్బ. అరచేతితో, ఇనుము మీద, లయ మీద. రేకుల కింద ఆ దెబ్బ తిరిగి తిరిగి సన్నబడింది.

మళ్లీ చరణం. మళ్లీ ఖాళీ. ధన్. విరుపు లేదు, టపటపలు లేవు. దెబ్బకూ దెబ్బకూ నడుమ అంత నిశ్శబ్దాన్ని దయాకర్ చేతులు వదలడం అహరోను ఎన్నడూ వినలేదు. తలుపుకు అటు ఒకడు, ఇటు ఒకడు. ఏడు పాటల్లో ఎదురెదురుగా కూర్చుని కలవనిది ఇప్పుడు కలిసింది.

ఆఖరి చరణం పాడి ఆగాడు. ఎదురుచూశాడు.

దెబ్బ పడలేదు.

ఖాళీ ఖాళీగానే సాగి, ప్రతిధ్వని సన్నగా అరిగిపోయింది. పాట ముగిసింది. మీట ఆపాడో లేదో, రికార్డరు మీది ఎర్ర దీపం దానంతటదే ఆరిపోయింది. కరెంటు పోయింది.

గిటారు మెడలోనే ఉండగా పరుగెత్తి గడియ లాగి తలుపు తెరిచాడు.

మిల్లు ఆవరణ అంతా ఖాళీ. కాంటా మీద లారీ లేదు. గేటు దగ్గర దుమ్ము ఇంకా కిందకు దిగలేదు.

* * *

మేనేజరు మర్నాడు పొద్దున్నే వచ్చాడు. కరెంటు కూడా అప్పుడే వచ్చింది. ఆయన గోదాం నడుమ స్టూలు మీద కూర్చుని హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. ఏడు పాటలకూ తల ఊపాడు. "ఇది వాళ్ల లెక్క, ఇది వీళ్ల లెక్క" అని పోలిక వచ్చిన బ్యాండ్ల పేర్లు చెబుతూ వచ్చాడు. ఎనిమిదోది మొదలయ్యాక తల ఊపడం ఆగిపోయింది. ముగిశాక మళ్లీ మొదటికి తిప్పి విన్నాడు.

"ఇది ఎవరి లెక్క ఉన్నదయ్యా? యాదికొస్తలేదు."

"ఎవల లెక్క లేదు సార్."

మేనేజరు గడ్డం గోక్కున్నాడు. ఇంకోసారి గుర్తు చేసుకోబోయి వదిలేశాడు. "మంచిగున్నది. కానీ ఆ నాలుగో ట్రాకు తీసెయ్యాలె. ఎవడో తలుపు కొట్టిండు, నడుమ ఏదో ఒర్రిండు."

"ఒకసారి నన్ను ఇననియ్యున్రి."

అహరోను నాలుగో ట్రాకు ఒక్కదాన్నే పెట్టుకున్నాడు. మొదట తన పాటే దూరంగా వినిపించింది. తర్వాత బాదుడు. బాదుడు నడుమ, తలుపు సందులోంచి, రొప్పుతున్న గొంతు.

"పాస్టరూ! చెప్పిన రా! మామకు చెప్పిన! చెంప పగులగొట్టిండు... తలుపు తియ్యి... చెప్పిన!"

తర్వాత ఆ ఒంటరి దెబ్బలు. ఒకటి, ఇంకొకటి. ఆఖరి ఖాళీ వచ్చింది. దెబ్బ లేదు. చాలా దూరంగా లారీ హారన్. కాసేపు ఏమీ లేదు. మళ్లీ హారన్. తలుపు మీద చెయ్యి ఆనించిన చప్పుడు, మెత్తగా. కంకర మీద పరుగెత్తి దూరమవుతున్న అడుగులు.

అహరోను హెడ్‌ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. 

"తీసెయ్యకున్రి సార్. గది తలుపు కాదు, మా డ్రమ్మరు."

మేనేజరు అతని ముఖం చూసి, వాదించలేదు. "అట్ట మీద ఎవరెవరి పేర్లు వెయ్యాలె?"

"ముగ్గురివి. డ్రమ్ములు దయాకర్‌రావు."

మిషన్ సంచిలో పెట్టుకుని మేనేజరు స్టేషన్‌కు వెళ్లాడు. ఆయన అటు వెళ్లాక కొమురెల్లి చీపురు పట్టుకుని వచ్చాడు. తలుపు దగ్గరే ఆగి, వంగి చూశాడు.

"వారీ! తలుపు గింత సొట్టపోయింది, ఎవలు గుద్దిన్రు? కాంటా అయిపోయిన లారీని ఆపలేక దొర నిన్నటి నుంచే ఒంటి కాలి మీద లేస్తుండు, ఇది చూస్తే నన్ను తింటడు. ఏమని చెప్పాలె తమ్మీ?"

"పాటల పోయిందని చెప్పు."

"మీ స్టీలు సామాను ముచ్చట మీకే తెల్వాలె," అనుకుంటూ కొమురెల్లి ఆ చివరకు ఊడ్చుకుంటూ వెళ్లిపోయాడు.

అహరోను సొట్టలో అరచెయ్యి పెట్టాడు. సరిపోయింది. తలుపు తెరిచే ఉంది. గుమ్మంలో కూర్చుని, గిటారు లేకుండా, చిన్న గొంతుతో ఒక చరణం పాడాడు. ఆగాడు.

బయట రోడ్డు మీద పత్తి లారీలు వరుసగా ఆదిలాబాద్ వైపు పోతున్నాయి. ఒక చరణమంత సేపు చూశాడు. ఏ లారీ కూడా హారన్ కొట్టలేదు.